బంతియు ముల్కీయు

అడిక్‌మెట్ వంతెన దిగి విద్యానగరము వైపునకు మరలుచోట నాలుగు బల్లలును, ఎడతెగక మరగుచుండు నొక పాలగిన్నెయు, గోడకు తగిలించిన యొక టీవీయు గల చిన్న హోటలొకటి కలదు. 2022వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీ రాత్రి అక్కడ నేను విన్న యొక వాదమును మొదట చెప్పి, పిమ్మట దాని వేళ్ళు ఈ నేలలో నెంత లోతునకు దిగియున్నవో చెప్పదలచితిని. ఖతారు దేశమున ప్రపంచకప్పు పోటీలు జరుగుచున్న దినములవి. ఆనాటి ఆట మొరాకోకును స్పెయినునకును. ఓడినవారు ఇంటిదారి పట్టవలసిన నాకౌటు ఆట. తొంబది నిమిషములును, అటుపై నిచ్చిన ముప్పది నిమిషములును గడచినను ఏ పక్షమునకును గోలు పడకపోవుటచే నిర్ణయము పెనాల్టీలకు వచ్చెను. ఉస్మానియా హాస్టళ్ళ విద్యార్థులు ఇరువదిమంది వరకు, కూర్చున్నవారు నిలుచున్నవారి నడుమనుండి మెడలు చాచుచు, చేతిలోని చాయ చల్లారుచున్నదను స్మృతి లేక చూచుచుండిరి. స్పెయిను పక్షమున ముగ్గురు తన్నగా ఒక బంతి స్తంభమునకు తగిలి మరలెను, రెండింటిని గోలుకీపరు బూనూ ఆపెను. అప్పుడు మొరాకో పక్షమున అష్రఫ్ హకీమీ వచ్చి, ఎదుటి గోలుకీపరు పక్కకు ఒరుగునంతవరకు తాళి, బంతిని బలముగా తన్నక, గోలు నడుమకు మెల్లగా, పసిబిడ్డ కందించినంత సుకుమారముగా లేపి వేసెను. ఆట ముగిసెను. హోటలులో కేకలు చెలరేగెను. ఆ కేకలలోనుండియే వాదమును పుట్టెను.

"వాడు పుట్టింది మాడ్రిడ్‌లనే అన్నా! ఆడనే పుట్టి, ఆడనే ఆట నేర్సి, ఆళ్ళనే ఓడగొడితే గిదేం న్యాయం?" అని యొక పిల్లవాడు, ఓడినది తన ఊరే యన్నంత బాధతో, అడిగెను.

"అమ్మ నాయిన మొరాకోళ్ళు గద తమ్మీ" అని పెద్దవాడొకడు బదులు చెప్పెను.

"గట్లయితే బూనూ కెనడాల పుట్టిండు. జియెచ్ హాలండ్‌ల పుట్టిండు. కోచ్ ఫ్రాన్సుల పుట్టిండు. ఇరవయ్యారు మందిల పద్నాలుగు మంది బయట పుట్టినోళ్ళే. ఇగ దాన్ని మొరాకో టీమ్ అని ఎట్లంటరు?"

చెప్పిన సంగతు లన్నియు సత్యములే. వాదము నలుదిక్కులకు పాకెను, పుట్టుకయే ప్రధానమని కొందరును, తల్లిదండ్రుల వంశమే ప్రధానమని కొందరును, ఆటగాని మనస్సే ప్రమాణమని కొందరును పలుకుచుండగా, మూలనున్న బల్లపై నొంటరిగా కూర్చున్న యొక వృద్ధుడు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని చేసి విరమించినవాడు, గ్లాసు కిందపెట్టి యిట్లనెను: "మొరాకో సంగతి ఇడ్వుండ్రి బిడ్డా. మన బలరాం సంగతి జెప్పుండ్రి. హైదరాబాద్ తరపున ఆడి కప్పు గెల్సిండు. ఎనుకకెళ్ళి బెంగాల్ తరపున ఆడి కప్పు గెల్సిండు. మరి వాడెవలోడు?"

పిల్లలు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. బలరాముడెవరో వారిలో నొక్కనికిని తెలియదు. తప్పు వారిది కాదు. వారికి చెప్పవలసినవారు చెప్పలేదు. నేనీ వ్యాసము వ్రాయుటకు ఆ నిశ్శబ్దమే కారణము.

అంతర్జాతీయ ఫుట్‌బాలును పాలించు ఫీఫా సంస్థ యొక క్రీడాకారుడు ఏ దేశము పక్షమున ఆడవచ్చునో నిర్ణయించుటకు మొదట ఆ దేశపు పౌరసత్వము నడుగును. పుట్టుకతో లేని పౌరసత్వమును నడుమ సంపాదించినవాడైనచో, అతడా దేశమున జన్మించియుండవలెను. లేదా తల్లియో తండ్రియో అచ్చట జన్మించి యుండవలెను. లేదా అవ్వయో తాతయో జన్మించి యుండవలెను. ఇవి యేవియు లేనిచో నిర్ణీతమైన యేండ్లపాటు అచ్చట నివసించి యుండవలెను. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట వచ్చినవానికి ఆ గడువు అయిదేండ్లు. ఈ నిబంధనలను నేను మొదటిసారి చదివినప్పుడు, ఇవి నాకు క్రొత్తవిగా తోచలేదు. హైదరాబాదువాడెవడికిని తోచవు. ఏలయన, మన తాతలు వీనిని మరొక పేరున నెఱిగియుండిరి. ఆ పేరు ముల్కీ.

1919వ సంవత్సరమున నిజాము ప్రభుత్వము ఫర్మానా మూలమున నిర్ణయించిన ముల్కీ నిబంధనల ప్రకారము, సంస్థానపు కొలువులకు అర్హుడగు దేశీయుడనగా, పుట్టుకచే సంస్థాన ప్రజయైనవాడు. లేదా, తాను పుట్టునాటికి తండ్రి సర్కారు కొలువున పదునైదేండ్లు పూర్తి చేసినవాడు. లేదా, పదునైదేండ్లు సంస్థానమున స్థిరనివాస ముండి, స్వస్థలమునకు తిరిగిపోవు తలంపు విడిచితినని మెజిస్ట్రేటు నెదుట ప్రమాణపత్ర మిచ్చినవాడు. ముల్కీని పెండ్లాడిన స్త్రీయు ముల్కీయే. పుట్టుక, తండ్రి, నివాసము: ఈ మూడు కొలబద్దలే నేడు ఫీఫా చేతిలో నున్నవి. ముల్కీలో తాత లేడు, ఫీఫాలో భార్య లేదు. తక్కిన దంతయు ఒక్క పోలికయే. కొలువునకైనను జట్టునకైనను, "వీడు మనవాడేనా" యని యడుగవలసివచ్చినప్పుడు మనుష్యులు వెదకుకొను ఆనవాళ్ళు ఎక్కడనైనను ఇవియే కాబోలు.

ఆ ప్రశ్న ఇంత గట్టిగా వినబడిన చోటు దేశమున అరుదు. అడిక్‌మెట్ నేల ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరు. 1768లో జన్మించి 1824లో గతించిన ఆ కవయిత్రికి నిజాములు ఒసగిన గ్రామములలో నిది యొకటి. ఆమె కాలపు మెట్లబావి యీనాటికిని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయపు ఆవరణలో నున్నది. 1917లో ఫర్మానా వెలువడి, అద్దె భవనములలో బోధన ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు స్థిరమైన చోటుగా ఈ రాళ్ళ నేలను నిర్ణయించి, 1934 జూలై 5న పునాది వేసిరి. బెల్జియము దేశీయుడగు శిల్పి జాస్పరు రూపకల్పన చేసిన ఆర్ట్సు కళాశాల 1939 డిసెంబరులో తలుపులు తెరచెను. తార్, అనగా తీగ, కంచె వేసిన తోట యొద్ద నాకా యుండుటచే పక్కనున్న పేటకు తార్నాక యను పేరు వచ్చినదందురు. ఈ ఆవరణ విద్యార్థులే 1969లో ముల్కీ నిబంధనల ఉల్లంఘనను నిరసించి రాజవీథులకెక్కిరి. అంతకు పూర్వము 1952 సెప్టెంబరులో "నాన్ ముల్కీ గో బ్యాక్" అను నినాదము నగరమంతట మ్రోగి, సిటీ కళాశాల యొద్ద తుపాకి గుండ్లకు ప్రాణములు పోయెను. ఎవడు స్థానికుడు, ఎవడు పరాయి యను మాటకు ఇచ్చట రక్తపు మరక యున్నది. కనుక దీనిని నేను తేలికగా నెత్తుకొనుట లేదు.

అయినను, అదే కాలమున, అదే నగరమున, ఆ ప్రశ్నకు వేరొక తీరున బదులు చెప్పిన చోటొకటి యుండెను. అది ఫుట్‌బాలు మైదానము.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా పట్టభద్రుడు, వృత్తిచే బడిపంతులు. అడిక్‌మెట్‌నకు కూతవేటు దూరముననున్న కాచిగూడలోని మాధ్యమిక పాఠశాల మొదలుకొని పలు బడులలో పాఠములు చెప్పుచు, 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆయనను రహీం సాబ్ అనియే నేటికిని పెద్దలందురు. బంతిని కాలికి అంటించుకొని యొంటరిగా నలుగురిని తప్పించుకొనిపోవుటయే గొప్పతనమని యెంచుచున్న కాలమున, డ్రిబ్లింగు నిషేధించిన పోటీలను ఆయన నడిపెను. బంతి అందిన వెంటనే తోడివాని కిచ్చివేయవలెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోనే తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టెను. ఒక్క క్షణ మీ దృశ్యమును ఊహించుకొనుడు: పేరుమోసిన ఆటగాడు, తన మేటి కాలిని తాను వాడరాని వాడై, పసివానివలె తడబడుచు, బంతి వంకరగా పోవ సిగ్గుపడి, మరల పరుగెత్తును. పక్కన పంతులు నిలిచి చూచుచుండును. ఆరు నెలలు గడచునప్పటికి ఆ ఆటగానికి రెండు కాళ్ళు వచ్చును. బడిపంతులు గనుకనే ఆయన కీ యుపాయము తోచినదని నా నమ్మకము; వచ్చిన పాఠమునే వల్లించువాని చేత రాని పాఠమును చదివించుట పంతులు పని.

ఆ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. 1950లో, యుద్ధానంతరము తిరిగి ప్రారంభమైన డ్యూరాండు పోటీ యొక్క అంతిమ ఘట్టమున మోహన్ బగాన్‌ను ఓడించి ఢిల్లీనుండి ఆ కప్పును తెచ్చెను. ఆ ఫైనలు ఒక్కనాటితో తేలలేదు. సమానముగా ముగియుటచే మరల ఆడవలసివచ్చెను. నాకౌటు ఆటలను పెనాల్టీలతో తేల్చు పద్ధతి 1970లో గాని నియమావళి కెక్కలేదు. అంతకు పూర్వము ఫలితము తేలనిచో మరునాడో మూడవనాడో అదే జట్లు మరల ఆడెడివి. అదియు కానిచో కొన్ని పోటీలలో నాణెము నెగురవేసెడివారు. 1968లో ఐరోపా కప్పు సెమీఫైనలున ఇటలీ సోవియట్ జట్టును గెలిచినది నాణెము చేతనే. పెనాల్టీలు చూచుటకు ఉత్కంఠభరితములే. కాని మరల ఆడుటలో నొక ధర్మము కలదని నాకు తోచును: నిన్నటి తప్పును దిద్దుకొనుటకు ఇరుపక్షములకును నొకరాత్రి సమయము దొరకును, ఊరి జనమునకు ఆ రాత్రియంతయు వాదించుకొనుటకు అవకాశమును దొరకును.

ఆ పోలీసు జట్టులోని పేర్లు చూడుడు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లాయిక్, మొయిన్, పాట్రిక్, సూసై. పాతనగరపు ముస్లిములు, సికింద్రాబాదు దండు పేటల క్రైస్తవులు, ఒక్క చొక్కా తొడిగి ఒక్క బంతి వెంట పరుగెత్తిరి. ముల్కీ వివాదముతో నగర మట్టుడికిన 1952లోనే ఆ జట్టు మూడవసారి రోవర్సు కప్పు గెలిచెను. తుపాకి పేల్చినదియు పోలీసులే, కప్పు తెచ్చినదియు పోలీసులే యను మాటను దాచుట నా వశము గాదు. కాని ఆ ఆటలను చూచిన పెద్దల నోట, ఆ పదునొకండ్రలో ముల్కీ యెవడు, గైర్‌ముల్కీ యెవడు అను ప్రశ్నను నే నెన్నడును వినలేదు.

ఇంకొక సంగతి. 1948 సెప్టెంబరు 17వ తేదీ వరకు ఈ మైదానముల పిల్లలు నిజాము ప్రజలు. 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడల ఫైనలున ఇరానును ఒక్క గోలుతో ఓడించి స్వర్ణపతకము గెలిచిన భారత జట్టులో అజీజుద్దీనును, నూర్ మహమ్మదును ఉండిరి, శిక్షకుడు రహీం. మూడేండ్లు నిండకమునుపే ఒక రాజ్యపు ప్రజ మరొక దేశపు చొక్కా తొడిగి ఆ దేశమునకు కీర్తి తెచ్చెను. ఆటగాండ్రు దేశము మారలేదు, దేశమే వారి చుట్టును మారెను. మరి యైదేండ్లకు దీనికంటె విచిత్రమైనది జరిగెను. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రముల యేర్పాటుతో హైదరాబాదు రాష్ట్రము పటమునుండి తొలగిపోయెను. అయినను రాష్ట్రముల జట్ల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీలో, 1957-58లో, బొంబాయిని ఓడించి వరుసగా రెండవయేడును విజేతయై నిలిచిన జట్టు పేరు హైదరాబాదే. ఆంధ్రప్రదేశ్ పేరున అదే ట్రోఫీ 1965-66లో గాని రాలేదు. అప్పుడు ఓడినది బెంగాల్. లేని రాష్ట్రము గెలిచిన ఆ కప్పును తలచుకొన్నప్పుడు నాకు కలుగు సంతోషమును, దిగులును వేరుచేయుట నాకు చేతగాదు. హోటలులోని ఆ వృద్ధుడు ఆనాటికి పదుమూడేండ్ల బాలుడు. లాలాగూడనుండి నడచిపోయి, మైదానము పక్కన చెట్టెక్కి ఆ ఆట చూచెనట.

1956 చివర మెల్బోర్ను ఒలింపిక్సు జరిగెను. భారత జట్టు తొలిసారి మైదానమున దిగినది డిసెంబరు 1న. అది నేరుగా క్వార్టర్ ఫైనలే. అంతకు ముందటి చుట్టున హంగేరీతో ఆడవలసియుండగా హంగేరీ పోటీనుండి తప్పుకొనెను. ఆ శరత్కాలమున బుడాపెస్టులో ప్రజలు తిరుగబడుటయు, సోవియట్ శకటములు ఆ నగరమున ప్రవేశించుటయు లోకవిదితము. ఆస్ట్రేలియాపై భారతదేశము నాలుగు గోళ్ళకు రెండింటితో గెలిచెను. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు వేసెను. పిమ్మట సెమీఫైనలున యుగోస్లావియాకును, కంచు పతకపు ఆటలో బల్గేరియాకును లోబడి నాలుగవ స్థానమున నిలిచెను. నాలుగేండ్లకు ముందు హెల్సింకిలో అదే యుగోస్లావియా పదింటికి ఒకటిగా ఓడించిన జట్టే యిది! పీటర్ తంగరాజు, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం: ఆ జట్టులో మన నగరపు పేర్లకు కొదవ లేదు.

హంగేరీ తప్పుకొనుటకు కారణమైన ఆ తిరుగుబాటే, ఫుట్‌బాలు చరిత్రలో అర్హతను గూర్చిన గొప్ప కథ యొకదానికిని కారణమయ్యెను. ఆ సమయమున విదేశమున నున్న ఫెరెంక్ పుష్కాష్ ఇంటికి మరలక, కొంతకాలము నిషేధ మనుభవించి, 1958లో రియల్ మాడ్రిడ్ జట్టున చేరి, 1954లో హంగేరీకి ప్రపంచకప్పు ఆడినవాడు 1962లో స్పెయినుకు ఆడెను. ఒక దేశమున ఆడినవాడు మరొక దేశమున ఆడరాదను కట్టడి అటుపిమ్మట బిగిసెను; మరల 2004 నుండి మెల్లమెల్లగా సడలి, 2020లో మరికొంత సడలెను. ఒలింపిక్సునందు మరియొక అర్హత ప్రశ్నయు నుండెను. ఆటకు కూలి పుచ్చుకొనువాడు ఆనాడు అచ్చట ఆడరాకుండెను. మన పోలీసు ఆటగాడు జీతము పుచ్చుకొనునది కొలువునకు, ఆటకు గాదు. కనుక అతడు అర్హుడు. లాఠీ జీతముతో కడుపు నింపుకొని ఆటకు ప్రాణము పెట్టిన ఆ మనుష్యులను తలచినపుడు, అమెచ్యూరు అను మాటకు ప్రేమించువాడని మూలార్థమున్నదని గుర్తువచ్చి, ఆ మాటకు వారికంటె తగినవారు లేరని నాకు తోచును.

1962లో జకార్తా. ఆ ఆసియా క్రీడలలో వాదము ఆటగాండ్ర అర్హతను గూర్చి కాదు, దేశముల అర్హతను గూర్చి. ఆతిథ్యమిచ్చిన ఇండొనేషియా ఇజ్రాయెలునకును, తైవానునకును ప్రవేశము నిరాకరించెను. భారతీయుడగు క్రీడాధికారి జి.డి. సోంధీ ఆ నిరాకరణ నియమవిరుద్ధమని ఆక్షేపించెను. దాని ఫలితమును అనుభవించినది ఫుట్‌బాలు జట్టు. నగరమున భారతీయులపై ఆగ్రహము రగిలి రాయబార కార్యాలయముపై దాడి జరిగెను. సెప్టెంబరు 4న సెనయాన్ మైదానమున లక్షకు చేరువైన జనము మనవారిని చూచి దూషించెను. ప్రత్యర్థి దక్షిణ కొరియా. తొలి ఆటలో మనలను రెండు గోళ్ళతో ఓడించినదదియే. తల పగిలి కుట్లు పడిన జర్నైల్ సింగు, వెనుకవరుసకు చెందినవాడయ్యు, ముందువరుసన ఆడి గోలు వేసెను, పి.కె. బెనర్జీ మరొకటి వేసెను. జ్వరముతో పడియుండిన తంగరాజు లేచివచ్చి గోలునందు నిలిచెను. రెండింటికి ఒకటిగా స్వర్ణము మనదయ్యెను. ప్రక్కన నిలిచి చూచిన రహీమునకు అప్పటికే క్యాన్సరు. 1963 జూన్ 11న ఆయన గతించెను. ఆయన కుమారుడు ఎస్.ఎస్. హకీం తండ్రివలెనే ఒలింపియను లోకము నెఱిగినవాడు, 1960 రోము జట్టులోని వాడు.

ఇక బలరాం. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు వెలుపలి అమ్ముగూడలో, 1936లో, బీదకుటుంబమున పుట్టెను. నగరమునకు వచ్చి శిక్షణ పొందుటకు దారిఖర్చు లేదని చెప్పగా, రహీం సాబ్ తన జేబునుండి అద్దె సైకిలుకు పైకమిచ్చెనని చెప్పుదురు. అమ్ముగూడనుండి నగర మైదానములకు వచ్చు దారి తెలిసినవారికి, ఆ పోకయు రాకయు ఎంత శ్రమయో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దారిన వచ్చిన పిల్లవాడు ఇరువదేండ్లకు మెల్బోర్నునకును, పిమ్మట రోమునకును పోయి, రోములో హంగేరీమీద నొక గోలును, పెరూమీద నొక గోలును వేసెను; జకార్తా స్వర్ణమునను పాలుపంచుకొనెను. హైదరాబాదుతో సంతోష్ ట్రోఫీ గెలిచినవాడు, ఈస్ట్ బెంగాల్ క్లబ్బున చేరి, బెంగాల్ పక్షమునను దానిని గెలిచెను. అనారోగ్యముచే 1963లో ఆట విడిచి, మిగిలిన జీవితమంతయు బెంగాల్‌లోనే గడపెను.

ఆ దారి తొక్కినవాడు అతడొక్కడే కాడు. అతనికి ముందు ఈస్ట్ బెంగాల్ పంచపాండవులని జనము పిలుచుకొన్న అయిదుగురిలో తెలుగువాడగు అప్పారావు కలడు. తరువాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వరుసగా కలకత్తా రైలెక్కిరి. 1977 సెప్టెంబరు 24న పేలే ఆడిన కాస్మాస్ జట్టుపై ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్ రెండు గోళ్ళు వేసి ఆటను సమానము చేసినప్పుడు, వానిలో నొకటి హైదరాబాదు హబీబుది. పోవద్దని వారి నాపుటకు మన కేమున్నది? కొలువు చూపగలిగిన పోలీసు జట్టు క్షీణించెను, మైదానములు ఒక్కటొక్కటిగా కట్టడముల పాలయ్యెను. బెంగాల్ వారిని పిలిచెను, ఆదరించెను, వేలాదిగా వచ్చి చూచెను. పోయినవారిని నేను నిందింపను, పోనిచ్చినవారము మనము.

ఇచ్చట నాకు చెప్పవలసినది యొకటి కలదు. ముల్కీ నిబంధన యైనను ఫీఫా నిబంధన యైనను పుట్టిన చోటు నడుగును, రక్తసంబంధము నడుగును, నివాసకాలము నడుగును. నేర్పిన చోటు నడుగదు. హకీమీ ఆట నేర్చినది రియల్ మాడ్రిడ్ బాలుర పాఠశాలలో. హోటలులోని ఆ పిల్లవాని బాధకు మూల మదియే, మాటలలో చెప్పలేకపోయినాడంతే. క్లబ్బుల నడుమ ఆటగాడు చేతులు మారునప్పుడు, పన్నెండవయేటినుండి ఇరువదిమూడవయేటివరకు అతనికి శిక్షణ నిచ్చిన క్లబ్బులకు ఆ ధనములో నూటికి అయిదు పాళ్ళు పంచవలెనని ఫీఫాయే నిర్ణయించినది. అనగా నేర్పిన నేలకు ఋణమున్నదని సొమ్ము విషయమున ఒప్పుకొన్నదే గాని, చొక్కా విషయమున ఒప్పుకొనలేదు. తల్లిదండ్రుల దేశమునకు ఆడుట తప్పని నేననను. పరదేశమున కూలికి పోయిన తల్లిదండ్రుల కడగండ్లు చూచి పెరిగిన బిడ్డ, వారి ఊరి పేరు ఛాతిపై ధరింపగోరుట యెంత సహజము! గల్ఫు దేశములకు బిడ్డలను పంపిన కరీంనగర్ తల్లికి ఆ మాట వేరుగా చెప్పవలెనా? నేర్పిన పంతులు పేరును ఒక్కసారి తలవవలెనని మాత్రమే నా ప్రార్థన.

మన దేశమున ఈ వాదము ఇప్పుడు మరల మొలకెత్తినది. భారత పాస్‌పోర్టు లేనివారు దేశపు జట్టున ఆడరాదని 2008లో కేంద్రప్రభుత్వము కట్టడి చేసెను. జపానులో పుట్టిన ఇజుమి అరాటా ఆ దేశపు పౌరసత్వమును విడిచి భారతీయుడై మన చొక్కా తొడిగెను; ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్ 2025లో అట్లే తన పౌరసత్వమును మార్చుకొనెను. స్వస్థలమునకు తిరిగిపోవు తలంపు విడిచితినని మెజిస్ట్రేటు నెదుట సంతకము చేసిన ఆనాటి మనుష్యుడు నా కన్నులకు కట్టును. విదేశములనున్న మనవారి మనుమలను పిలువవలెననువారు కలరు. పిలువుడు, నేను వలదనను. అయితే అమ్ముగూడ పిల్లవానికి సైకిలు అద్దె ఎవరిత్తురో దానిని మొదట నిశ్చయింపుడు.

2019లో నగరమునకు హైదరాబాద్ ఎఫ్‌సీ అను క్లబ్బు వచ్చి, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ జట్టును పెనాల్టీలపై గెలిచి ఇండియన్ సూపర్ లీగ్ విజేత యయ్యెను. మూడు పెనాల్టీలను ఆపిన గోలుకీపరు కట్టిమణి ఆనాడు తార్నాక కుర్రవాండ్ర యింటివాడైపోయెను. అతని పుట్టుక నెవ్వరు నడుగలేదు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొనెను. పదునైదేండ్ల గడువులో సగమైనను నిండలేదు.

2023 ఫిబ్రవరి 16న బలరాం కలకత్తాలో కన్నుమూసెను. మరునాటి ఉదయము నేను అడిక్‌మెట్ హోటలునకు పోతిని. వృద్ధుడు అదే మూలబల్లపై నుండెను. కన్నులు మందగించుటచే పత్రికను చేతబట్టుకొని యెవరైన వత్తురేమో యని చూచుచున్నట్లు తోచెను. నన్ను చూచి పత్రిక నిచ్చి "సదువు బిడ్డా" యనెను. నేను చదివితిని: ఒలింపిక్సు, జకార్తా, ఈస్ట్ బెంగాల్, ఉత్తరపారాలోని యిల్లు. ఆయన కన్నులు మూసికొని వినెను. నేను ముగించిన పిమ్మట, "అమ్ముగూడ పేరు రాసిండ్రా?" అని యడిగెను.

వ్రాసియుండిరి. మొదటి పేరాలో, సికింద్రాబాదు అను మాట పక్కన. ఆ పంక్తిని మరల చదివితిని. ఆయన పత్రిక నందుకొని, ఆ పంక్తి యెక్కడ నున్నదో వ్రేలు పెట్టి చూపుమనెను.